భోజనశాలల విమర్శకుడు

కర్నూలునుండి గుంటూరునకు పోవు బాటలో నందికొట్కూరు దాటిన పిమ్మట, ఆత్మకూరు చేరకముందు, జూపాడు బంగ్లా యను నూరు కలదు. 2022వ సంవత్సరము ఏప్రిలు నెలనుండి యిది నంద్యాల జిల్లాలోనిది. శ్రీశైలమునకు పోవు యాత్రికులును, పోతిరెడ్డిపాడు తూములను చూడవచ్చువారును, లారీలు నడుపువారును, ధాన్యము అమ్ముకొనబోవు రైతులును ఈ త్రోవనే పోవుచుందురు. మధ్యాహ్నవేళ ఆకలిగొన్న బాటసారి యొకడు బస్సు దిగినాడనుకొందము. మొదట కనబడిన మనిషిని అతడు అడుగు ప్రశ్న యొక్కటియే: “అన్నా, ఇక్కడ భోజనం ఎక్కడ బాగుంటుంది?”

అందుకు ఆ యూరివాడు, “రొట్టె గావాలంటే ఆ చింతచెట్టుకాడికి పో అన్నా. అన్నం తినాలంటే ఈ ఎదుటి హోటలే మేలు. మజ్జిగ మాత్రం రెండుచోట్లా నీళ్లే” అని బదులు చెప్పెననుకొందము. ఆ మాట పలికినవాడు తన్ను విమర్శకుడని యెన్నడును తలచి యుండడు. అయినను మంచి విమర్శకునకు కావలసిన గుణములలో సగము ఆ మూడు మాటలలోనే యున్నవి. అతడు ఒక యింటిని ఆకసమున కెత్తలేదు, మరియొక దానిని పాతాళమునకు త్రొక్కలేదు. దేనికొరకు ఎక్కడికి పోవలెనో చెప్పినాడు. లోపమును దాచలేదు. ఎదుటివాని యాకలిని తలచి మాటాడినాడే కాని తన గొప్పను తలచి కాదు. తక్కిన సగమేమో ఈ పూట కొంచెము విచారింతము.

మన తెలుగువారికి ఈ విద్య క్రొత్తది కాదు. ఈ బాటనే తూర్పుగా నల్లమల దాటి పోయినచో వినుకొండ వచ్చును. ఆ యూరిపేరు తన పేరున ధరించిన వినుకొండ వల్లభరాయడు రచించినదిగా ప్రసిద్ధమైన వీథినాటకము క్రీడాభిరామము. అది శ్రీనాథుని రచనయే యని వాదించిన పండితులును కలరు. అందు మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రు లిరువురు ఓరుగంటి వీథులలో విహరింతురు. అచ్చటి పూటకూటి యిల్లొకటి అందులో నొక పద్యమున వర్ణింపబడినది. ఆ పద్యము చెప్పు సంగతు లివి: కప్పురభోగి యన్నము, గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, క్రొత్తగా కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డలతోడి క్రొత్తపెరుగు. ఇల్లు లక్ష్మణవజ్ఝలది. వెల యొక రూక.

ఇంతకుమించి విమర్శకుడు చేయవలసిన దేమున్నది? ఎవరి యిల్లో చెప్పినాడు. ఏమి పెట్టుదురో చెప్పినాడు. ఎంత పుచ్చుకొందురో చెప్పినాడు. నేయి యనక “క్రొత్తగా కాచిన” నేయి యనుటలోను, పెరుగు యనక దాని గడ్డలను పేర్కొనుటలోను రుచి యంతయు నిమిడియున్నది. “ఆహా” యని యొకమాటయు లేదు. కాకతీయుల ఓరుగల్లు పోయినది, ఆ పూటకూటి యిల్లు పోయినది, రూక చెల్లుబడి పోయినది. అయినను ఈనాడు ఆ పద్యము చదివినవాడు, “నాకడ రూక యున్నచో ఆ యింటికి పోవుదునా, పోనా” యని తనంతట తాను నిర్ణయించుకొనగలడు. చదువరికి ఆ నిర్ణయశక్తి నిచ్చుటయే విమర్శకుని మొదటి ధర్మము. విమర్శకునకు తీపి యిష్టము కావచ్చును, చదువరికి కారమే యిష్టము కావచ్చును. సంగతులు సరిగా చెప్పినచో, విమర్శకునితో ఏకీభవింపని చదువరికి గూడ ఆ వ్యాసము ఉపయోగపడును.

ఇక రెండవ తీరు చూడుడు. శ్రీనాథునివని లోకమున వాడుకలో నున్న చాటువులలో పల్నాటిసీమను గూర్చినవి కొన్ని కలవు. సన్నన్నమునకు అలవాటుపడిన ఆ మహాకవికి అక్కడ ఎటుచూచినను జొన్నయే యెదురైనది. జొన్నకలి, జొన్నయంబలి, జొన్నయన్నము తప్ప వేరొండు లేదని యొక పద్యమున వాపోయినాడు. చింతచిగురు వేసి వండిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మ్రింగుము, నీ బలమేమో చూతమని మరియొక పద్యమున కృష్ణస్వామినే సవాలు చేసినాడు. పద్యములు అందమైనవి, వినినవాడు నవ్వక మానడు. కాని న్యాయముగా ఆలోచించినచో అది తీర్పు కాదు, అలుక. పల్నాటి యిల్లాలు వండినది మంచి జొన్నకూడా, చెడ్డ జొన్నకూడా యను ప్రశ్నను కవి వేయనేలేదు. అది వరియన్నము కాదనియే ఆయన కోపము. జొన్నను జొన్నగా గాక, చెడిపోయిన వరిగా చూచినాడు.

ఈ మాట మన సీమకు తగులు మాట. నంద్యాల, కర్నూలు ప్రాంతములవారికి జొన్నరొట్టె తరతరముల తిండి. జొన్నపిండికి గోధుమపిండికున్న జిగి లేదు. కావుననే సలసల కాగిన నీళ్లు పోసి పిసికి, చేతితో తట్టి, పెనముపై వేసి, పైన నీటిచేయి తడిమి కాల్చవలెను. ఆ రొట్టెను చపాతీతో పోల్చి “ఇది సాగుటలేదు, విరుగుచున్నది” అనువాడు రొట్టెను విమర్శించుటలేదు, తన యజ్ఞానమును ప్రకటించుచున్నాడు. అంచులు పగులక గుండ్రముగా వచ్చినదా, లోపల పచ్చిపిండి వాసన పోయినదా, విస్తరిలో వేయునప్పటికి వేడిగా మెత్తగా నున్నదా, ప్రక్కనున్న వేరుసెనగపొడి క్రొత్తగా దంచినదా? ఇవి రొట్టెను అడుగవలసిన ప్రశ్నలు.

ఉగ్గాణి సంగతియు నట్టిదే. బొరుగులను నీట తడిపి, పిండి, ఉల్లిపాయలు పచ్చిమిరపకాయలు వేసిన పోపులో కలిపి, పైన పుట్నాలపొడి చల్లి, మిరపకాయ బజ్జీలతో పెట్టుదురు. దీని నెరుగని పరదేశి విమర్శకుడు “బొరుగులు మెత్తబడిపోయినవి, కరకరలాడుటలేదు” అని వ్రాసినచో, ఈ సీమ చదువరి కడుపుబ్బ నవ్వును. మెత్తబడుటయే దాని లక్షణము. కాని నీరు సరిగా పిండక ముద్దగట్టిన ఉగ్గాణియు కలదు. పొడి తక్కువై చప్పబడిన ఉగ్గాణియు కలదు. ఆ భేద మెరిగి చెప్పువాడే విమర్శకుడు. వంటకము తన యింటిలో ఎట్లుండవలెనో తెలిసిన తరువాతనే, అది ఈ హోటలులో ఎట్లున్నదో చెప్పుట కధికారము కలుగును.

అజ్ఞానమువలెనే వేలంవెఱ్ఱియు విమర్శకునకు శత్రువు. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఒకప్పుడు చాటువులలో నవ్వులపాలైన జొన్న యిప్పుడు పట్టణముల పెద్ద హోటళ్లలో గౌరవమందుచున్నది. సంతోషమే. కాని జొన్నయన్నంత మాత్రమున మాడిన రొట్టె మంచిరొట్టె కాదు. నాడు నిందించినవాడును, నేడు కన్నులు మూసుకొని పొగడువాడును ఒకే తప్పు చేయుచున్నారు. ఇరువురును ముందున్న రొట్టెను రుచి చూచుట లేదు.

ఇక నిజాయితీ మాట. విమర్శకుడు ఎవరి సొమ్ముతో తినవలెను? అమెరికాలో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో 1957లో భోజనవిషయముల సంపాదకుడుగా చేరిన క్రెయిగ్ క్లెయిబోర్న్ ఈ పనికి కొన్ని కట్టుబాట్లు ఏర్పరచినాడు. హోటలువారికి తెలియకుండ పోవలెను. ఒకమారు గాక పలుమారులు పోవలెను. బిల్లు పత్రికయే చెల్లింపవలెను. ఈ మూడు నియమములకును మూడు కారణములు కలవు. ముఖమెరిగినచో వడ్డన మారును. ఒక్కమారు తినినచో, ఆనాడు వంటవానికి జ్వరము తగిలియుండవచ్చును, లేదా అదృష్టము కలిసివచ్చి యుండవచ్చును. ఉచితముగా తినినచో, నోటిలో ఉప్పు ఎక్కువైనను కలము ముందునకు సాగదు. ఉప్పు తినినవాని యందు విశ్వాసమును కోరు దేశము మనది. కావున విమర్శకుడు తన యుప్పు తాను కొనుక్కొనవలెను.

వడ్డన మారునన్న మాటకు నిదర్శన మొకటి. అదే పత్రికకు విమర్శకురాలైన రూత్ రైకల్ 1993లో న్యూయార్కునందలి లె సర్క్ అను పేరుమోసిన భోజనశాలకు మారువేషమున పోయినది. తరువాత తన్ను గుర్తించిన దినమునను తినినది. మామూలు మనిషికి జరిగిన నిరాదరణను, పత్రికవారికి జరిగిన మర్యాదను ప్రక్కప్రక్కన వ్రాసి, ఆ భోజనశాలకున్న నాలుగు నక్షత్రములను మూడు చేసినది. గుర్తించిన దినమున పండ్లుగూడ పెద్దవి వచ్చినవట! చదువరు లామెను మెచ్చుకొనుటకు కారణము స్పష్టము. హోటలులో గొప్పవాని కేమి దొరకునో గొప్పవా డెరుగును. తమవంటివారి కేమి దొరకునో యనునదే చదువరులు తెలిసికొనగోరు సంగతి. బంతిలో కడపటి విస్తరిని చూచి చెప్పునదే తీర్పు.

నేడు ప్రతివాని చేతిలోను సెల్‌ఫోనున్నది. తినినవా రెల్లరును నక్షత్రములు పంచుచున్నారు. ఇది మంచిదే, పదిమంది మాట తెలియును. కాని నక్షత్రము కారణము చెప్పదు. పప్పు బాగుండి యిచ్చిరో, బండి నిలుపుటకు చోటుండి యిచ్చిరో, గల్లాపెట్టెకడ కూర్చున్నవాడు మేనమామ యగుటచే నిచ్చిరో తెలియదు. అందుచేతనే, పేరు పెట్టుకొని, కారణము చెప్పి, తప్పు వ్రాసినచో దిద్దుకొను విమర్శకుని యవసరము తగ్గలేదు, హెచ్చినది.

కడపటి గుణము తూకము. పెద్దపట్టణమున వేలరూపాయలు పుచ్చుకొను హోటలునకును, బాటప్రక్కన భార్యాభర్త లిద్దరే వండి వడ్డించు చిన్నహోటలునకును ఒకే కొలత పనికిరాదు. మొదటిదానికి కఠినపుమాట గాయము కాదు. రెండవదానికి అది పొయ్యి ఆరుట కావచ్చును. అట్లని దయచేత అబద్ధము చెప్పరాదు. రుచి తక్కువయైనచో మెత్తగా చెప్పవచ్చును. శుభ్రత తక్కువయైనచో గట్టిగానే చెప్పవలెను. త్రాగునీరు మురికిదైనచో, నిన్నటి కూర నేడు కాచి పోసినచో, అది అభిరుచికి సంబంధించినది కాదు, పసిబిడ్డలతో శ్రీశైలమునకు పోవు తల్లి యారోగ్యమునకు సంబంధించినది. అక్కడ మొగమాటము పాపము.

ఈ తూకమునకు చక్కని యుదాహరణ మెరిలిన్ హేగర్టీ. అమెరికాలో గ్రాండ్ ఫోర్క్స్ అను చిన్నపట్టణపు పత్రికలో ఆమె వ్రాయుచుండెడిది. 2012లో, తన యెనుబదియైదవ యేట, ఆ యూర క్రొత్తగా వెలసిన ఆలివ్ గార్డెన్ అను హోటలును గూర్చి యొక వ్యాసము వ్రాసినది. అది దేశమంతట నూరూర నుండు మామూలు హోటలు. గది యెట్లున్నదో, తా నేమి తినినదో సాదాగా చెప్పినది. పట్టణవాసు లనేకులు పరిహసించిరి. కాని వంటవాడును రచయితయునైన ఆంథొనీ బూర్డేన్ ఆమె రచనలను మెచ్చి, 2013లో పుస్తకముగా వెలువరించినాడు. ఆమె ఎవరికొరకు వ్రాసినదో గమనింపుడు: పట్టణపు రసికులకొరకు కాదు, ఆదివారము బిడ్డలతో ఎక్కడికి పోవుదమా యని ఆలోచించు పొరుగువారికొరకు. ఆ పొరుగువారికి కావలసినదంతయు అందులో నున్నది.

కావున చదువరి కోరునది పాండిత్యము కాదు, పదాడంబరము కాదు. “అద్భుతము, అమోఘము” అను మాటలు ఏ పప్పుమీదనైన పోయదగిన నీరువంటివి. ఎంత పోసినచో అంత పలుచన. పులుసు చింతపండుదా, టమాటదా, గోంగూర పుల్లగా నున్నదా, ఉప్పగా నున్నదా, రెండవమారు అన్నమడిగినచో ముఖము చిట్లించిరా, బిల్లెంతయైనది? ఇవి చెప్పిన చాలును. తనకొరకు ముందుగా పోయి, తన సొమ్మువంటి సొమ్మిచ్చి, తినివచ్చి, ఉన్నదున్నట్లు చెప్పు స్నేహితుడే చదువరికి కావలెను.

అట్టివాడు దొరికినచో బాటసారికి మాత్రమే కాదు, హోటలువానికిని మేలు. రొట్టె బాగుగా కాల్చు చేతికి పేరు వచ్చును. మజ్జిగలో నీళ్లు పోయు చేతికి సిగ్గు వచ్చును. ఈసారి మీరు జూపాడు బంగ్లా మీదుగా పోవునప్పుడు, తినినపిమ్మట చేయి కడుగుకొని వెడలిపోక, బాగున్నదానిని బాగున్నదని వండినవారితో చెప్పిపొండు; లోపమున్నచో దానిని గూడ వారితోనే మొదట చెప్పుడు. విమర్శ యను విద్య అక్కడనే మొదలగును.