పరీక్షలన్నీ నార్మల్, కడుపునొప్పి మాత్రం తగ్గదు: ఐబీఎస్‌కు హిప్నోథెరపీ పనిచేస్తుందా? ఖనిలో ఎవరిని అడగాలి?

షిఫ్టుకు బయల్దేరే ముందు రెండు మూడుసార్లు టాయిలెట్‌కు వెళ్లాల్సి వస్తోందా? డ్యూటీ ఉన్న రోజు కడుపు మెలిపెట్టి, సెలవు రోజు కాస్త నెమ్మదిస్తోందా? స్కానింగ్, రక్తపరీక్ష అన్నీ నార్మల్ అని వచ్చినా గ్యాస్ గోలీలు వాడుతూనే ఉన్నారా? అయితే మీ సమస్య ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే ఐబీఎస్ కావచ్చు. మందులతో తగ్గని ఐబీఎస్‌కు హిప్నోథెరపీ ఒక గుర్తింపు పొందిన చికిత్స. రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో ఉండేవారు దాని కోసం ఎటు వెళ్లాలో, ఎవరి దగ్గర జాగ్రత్తపడాలో చూద్దాం.

ఐబీఎస్ అని ఎప్పుడు అంటారు?

2016లో వచ్చిన ‘రోమ్ 4’ ప్రమాణాల ప్రకారం, గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి మల విసర్జనతో సంబంధం ఉండటం, వెళ్లే సార్లు మారడం, మలం గట్టిగానో పల్చగానో మారడం అనే మూడింటిలో కనీసం రెండు కనిపించాలి. సమస్య మొదలై ఆరు నెలలైనా దాటాలి.

పేగుల్లో పుండు గానీ గడ్డ గానీ ఉండదు. అందుకే స్కానింగ్‌లో ఏమీ కనిపించదు. పేగులకు, మెదడుకు మధ్య నరాల ద్వారా ఎప్పుడూ కబుర్లు నడుస్తుంటాయి. ఐబీఎస్‌లో ఆ వ్యవస్థ అతిగా స్పందిస్తుంది. మామూలు కదలికను కూడా మెదడు నొప్పిగా తీసుకుంటుంది. కాబట్టి ‘నీకేం లేదు, అంతా నీ భ్రమ’ అని ఎవరైనా అంటే నమ్మకండి. నొప్పి నిజమే.

షిఫ్టులకు, దీనికి సంబంధం ఉందా?

ఉంది. పేగులకూ ఒక గడియారం ఉంటుంది. ఒక వారం పొద్దున, ఇంకో వారం రాత్రి డ్యూటీ పడితే నిద్ర, తిండి వేళలు తారుమారై ఆ గడియారం గాడి తప్పుతుంది. 2010లో అమెరికాలో నర్సులపై ప్రచురితమైన ఒక అధ్యయనంలో, పగలు మాత్రమే పనిచేసేవారికంటే షిఫ్టులు మారుతూ పనిచేసేవారిలో ఐబీఎస్ ఎక్కువగా కనిపించింది.

బాయి పనిలో ఇంకో ఒత్తిడి కూడా ఉంది. కిందికి దిగాక కడుపులో తిప్పితే వెంటనే పైకి రాలేరు. ‘ఈ రోజు కూడా అలాగే అవుతుందేమో’ అన్న భయమే పేగులను మరింత బిగిస్తుంది. ఆ భయంతో టిఫిన్ మానేయడం, మస్టర్లు పోగొట్టుకోవడం మొదలైతే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. హిప్నోథెరపీ తెంచాలని చూసేది ఈ గొలుసునే.

అసలు ఏం చేస్తారు?

హిప్నాటిజం అనగానే స్టేజీ మీద మనిషిని నిద్రపుచ్చి ఆడించే ప్రదర్శన గుర్తొస్తుంది. ఇది అది కాదు. మీరు నిద్రపోరు, స్పృహ తప్పరు, ఇష్టం లేనిది చెప్పరు, చేయరు. కుర్చీలో కూర్చోబెట్టి లేదా పడుకోబెట్టి, శ్వాస మీద ధ్యాస నిలిపి, ఒళ్లంతా వదులు చేయిస్తారు. తర్వాత పేగుల మీద దృష్టి పెట్టిస్తారు. చేయి కడుపు మీద వేసుకుని ఆ వెచ్చదనం లోపలికి పాకుతున్నట్టు, నది ఒడిదుడుకులు లేకుండా పారుతున్నట్టు ఊహించుకోమంటారు. గోదావరి ఒడ్డున పెరిగినవారికి ఆ ఊహ కష్టం కాదు.

సాధారణంగా 6 నుంచి 12 సిట్టింగులు ఉంటాయి. మధ్యలో ఇంటి దగ్గర రోజూ రికార్డింగ్ వింటూ సాధన చేయాలి. అందుకే మీకు బాగా అర్థమయ్యే భాషలో, అంటే తెలుగులో, చేయించగలిగేవారైతే మేలు.

ఎంతవరకు పనిచేస్తుంది?

1984లో బ్రిటన్‌లోని మాంచెస్టర్‌లో డాక్టర్ పీటర్ వోర్వెల్ బృందం, ఏ మందుకూ లొంగని 30 మంది ఐబీఎస్ రోగులపై దీన్ని పరీక్షించింది. ‘లాన్సెట్’లో వచ్చిన ఆ ఫలితాలతో వైద్యుల దృష్టి దీని మీద పడింది. 2019లో ప్రచురితమైన నెదర్లాండ్స్ అధ్యయనంలో, మూడు నెలలకు తగినంత ఉపశమనం వచ్చిందని చెప్పినవారు ఇలా ఉన్నారు: విడిగా హిప్నోథెరపీ తీసుకున్న ప్రతి 100 మందిలో సుమారు 41 మంది, బృందంగా తీసుకున్నవారిలో 33 మంది, కేవలం అవగాహన తరగతులకు హాజరైనవారిలో 17 మంది.

అంటే మేలు ఉంది, కానీ అందరికీ కాదు. బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్ కూడా, 12 నెలలు మందులు వాడినా తగ్గనివారికి దీన్ని పరిశీలించమని చెబుతుంది. మొదటి రోజే మొదలుపెట్టే వైద్యం కాదిది.

ముందు ఏం తేల్చుకోవాలి?

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపే నొప్పి లేదా విరేచనాలు, 45 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన సమస్య, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఐబీఎస్ అనుకుని ఊరుకోకండి. ముందు డాక్టర్ పరీక్షలు చేయాలి. పేగు క్షయ, పేగుపూత, థైరాయిడ్ సమస్యలు కూడా ఇలాగే మొదలుకావచ్చు.

ఎక్కడికి వెళ్లాలి?

సింగరేణి ఉద్యోగి లేదా ఆధారపడిన కుటుంబ సభ్యులైతే మొదట కంపెనీ ఏరియా ఆసుపత్రిలో ఫిజీషియన్‌ను కలవండి. ‘గ్యాస్ ట్రబుల్’ అని ఒక్క ముక్క చెప్పి గోలీలు తెచ్చుకోకండి. ‘ఇది ఐబీఎస్ కావచ్చా? మందులతో తగ్గకపోతే సైకాలజిస్టు దగ్గరికి రిఫర్ చేస్తారా?’ అని నేరుగా అడగండి. రిటైరైనవారు సీపీఆర్‌ఎంఎస్ కార్డు ఈ చికిత్సకు వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోవాలి.

కంపెనీ వైద్యం లేనివారికి గోదావరిఖని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది. 2022లో ప్రారంభమైన రామగుండం వైద్య కళాశాలకు అది అనుబంధ ఆసుపత్రి. అక్కడ ముందు జనరల్ మెడిసిన్ ఓపీలో చూపించుకుని, అవసరమైతే మానసిక వైద్య విభాగానికి పంపమనండి. మానసిక వైద్యం అనగానే ‘పిచ్చి’ అన్న మాట మనసులోకి రానీయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆ సేవలు పొందడం మీ హక్కు. మీ వివరాలు గోప్యంగా ఉంచడం వారి బాధ్యత.

ఎవరి దగ్గర జాగ్రత్తపడాలి?

హిప్నాటిజం కోర్సు చేసిన సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. సైకియాట్రిస్టు అయితే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నంబర్ అడగండి. ఇవి అడిగితే విసుక్కునేవారు, ‘ఒక్క సిట్టింగ్‌లో గ్యారంటీ’ అనేవారు, మందులన్నీ ఆపేయమనేవారు, పూర్తి ప్యాకేజీ డబ్బు ముందే కట్టమనేవారు మీకు వద్దు. మూర్ఛ, తీవ్ర మానసిక జబ్బులు ఉన్నవారు సైకియాట్రిస్టును అడగకుండా హిప్నోథెరపీ జోలికి వెళ్లకూడదు.

ఈలోగా ఏం చేయవచ్చు?

ఒత్తిడి, నిద్రలేమి ఎక్కువగా ఉంటే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. హిప్నోథెరపీ ఫోన్‌లో చేయరు గానీ, కౌన్సెలింగ్ ఇచ్చి, అవసరమైతే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

ఇంకో పని ఈ రోజే మొదలుపెట్టవచ్చు. రెండు వారాల పాటు మీ ఫోన్‌లో నాలుగు విషయాలు రాసుకోండి: ఏ షిఫ్టు, ఏం తిన్నారు, ఎంతసేపు పడుకున్నారు, నొప్పి ఎప్పుడొచ్చింది. ఓపీలో డాక్టర్ దగ్గర మీకు దొరికేది కొద్ది నిమిషాలే. ఆ లెక్క చేతిలో ఉంటే, ఇంకో గ్యాస్ గోలీతో సరిపెట్టకుండా అసలు కారణం గురించి మాట్లాడే వీలుంటుంది.