నడిసముద్రమున ఓడకు ఓడ చమురు పోయుట



కొంతకాలము క్రిందట మా యూరి రచ్చబండ కడ ఒక రైతు నన్నొక ప్రశ్న యడిగెను. "పంతులుగారూ! లారీకి చమురు కావలెనన్న బంకు కడ నిలుచును. ఎడ్లకు దప్పి యైన చెఱువు గలదు. నెలల తరబడి ఒడ్డు చూడని యుద్ధపు టోడకు నడిసముద్రమున చమురెవరు పోయుదురు? అందలి జనమునకు బియ్యము, కూర లెవరు తెచ్చి యిత్తురు?" అని. నేను బడిలో ముప్పది యేండ్లకు పైగా పాఠము చెప్పినవాడనే యైనను ఆ క్షణమున నోరు మెదపలేకపోతిని. పిమ్మట గ్రంథములు తిరుగవేసి తెలిసికొన్నదానిని నేడు మీకు మనవి చేయుచున్నాను.

కూటి కొఱకు కోటి విద్యలన్న సామెత మనకు గలదు గదా. ఆ కోటి విద్యలలో సేనలకు కూడు పెట్టు విద్య మిక్కిలి కష్టమైనది. 1791వ సంవత్సరమున కారన్‌వాలిసు దొర టిప్పుసుల్తానుపై దండెత్తి శ్రీరంగపట్టణము దాపునకు వచ్చెను. యుద్ధమున పైచేయి యైనను, దండునకు తిండియు ఎడ్లకు మేతయు లేమిచే, తాను తెచ్చిన పెద్ద ఫిరంగులను తానే పగులగొట్టించి వెనుకకు మఱలవలసి వచ్చినది. మఱుసటి యేడు ధాన్యమును ఎద్దుల పెరికలమీద మోయు లంబాడీలను వెంటబెట్టుకొని వచ్చి గాని అతడు కార్యము సాధింపలేదు. నేలమీది సంగతి యిది. ఊరు లేదు, చేను లేదు, బావి లేదు అను సముద్రముమీద ఈ చిక్కు ఎంత పెద్దదో మీరే ఊహింపుడు.

తెఱచాప ఓడల కాలమున గాలియే యంధనము. అది వెల లేనిది. తిండియు మంచినీరును ఉన్నంతకాలము ఓడ తిరుగగలిగెడిది. ఆవిరియంత్రములు వచ్చిన పిమ్మట ఓడ వేగము హెచ్చెను గాని, స్వేచ్ఛ తగ్గెను. బొగ్గు గలుగు రేవునకు బొగ్గు గలుగు రేవునకు నడుమనే దాని సంచారము. బొగ్గు నెత్తుట యనగా ఓడలోని జనమందఱును సంచులు మోసి, నల్లని ధూళిలో మునిగి, దినమెల్ల చేయు చాకిరి. రేవులోనే అంత కష్టమైనపుడు కెరటములమీద చెప్పనేల? 1899లో అమెరికావారు మార్సెల్లసు అను బొగ్గుటోడకును మసాచుసెట్సు అను యుద్ధనౌకకును నడుమ మోకు గట్టి, కప్పీలమీద సంచులను పంపి చూచిరి. పని జరిగినది గాని మిక్కిలి మందముగా జరిగినది.

బొగ్గు కఱవు ఎట్టిదో రష్యావారి నడిగిన తెలియును. 1904 అక్టోబరులో వారి నౌకాదళము బాల్టికు సముద్రమునుండి బయలువెడలి, జపానువారితో యుద్ధము చేయుటకై సుమారు 33,000 కిలోమీటర్లు నడచినది. దారిలో వారికి స్వంత రేవులు లేవు. తటస్థ దేశములవారు రేవులలోనికి రానిచ్చుటకు వెనుకాడిరి. జర్మను బొగ్గుటోడలను అద్దెకు గొని, మడగాస్కరు వంటి తావులలో లంగరు వేసియు, హిందూ మహాసముద్రము నడుమ ఆగి పడవలమీద సంచులు చేరవేసియు వారు బొగ్గు నెత్తుకొనిరి. మరల దొరకునో దొరకదో యను భయమున గదులలోను, పైతట్టుమీదను సైతము బొగ్గు కుప్పలు పోసికొనిరి. ఏడు నెలలు ఇట్లు అలసి సొలసి, 1905 మేలో సుషీమా జలసంధి చేరగా రెండు దినములలో ఆ దళము నాశనమైపోయినది. ఆ యోటమికి కారణము లనేకములు గలవు. అందు ఈ బొగ్గు బాధయు నొకటి.

తరువాత యుద్ధనౌకలు బొగ్గు మాని ఖనిజతైలమును వాడసాగెను. తైలము ద్రవము గావున గొట్టములో పాఱును. సంచులు మోయు పని లేదు. ఈ యొక్క గుణముచేతనే నడచుచున్న ఓడకు నడచుచున్న మఱియొక ఓడ ఆహార మందింప వీలయ్యెను.

1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధమున దిగినపుడు డిస్ట్రాయరులను చిన్న యుద్ధనౌకలను ఐర్లండునకు పంపవలసి వచ్చెను. అవి అట్లాంటికు సముద్రమును దాటుటకు వాని చమురు నిబ్బరముగా చాలదు. అప్పుడు మామీ యను తైలనౌక నడిసముద్రమున నిలిచి, ఆ యేడు మే నెల మొదలుకొని, వచ్చెడి డిస్ట్రాయరులను ప్రక్కకు దెచ్చికొని గొట్టములతో చమురు పోసినది. ఆ తైలనౌకలో ద్వితీయాధికారిగా నుండి ఈ యేర్పాటును సిద్ధపఱచిన యువకుడు చెస్టరు నిమిట్జు. ఈ పేరు జ్ఞాపకముంచుకొనుడు. ఇతడు మరల వచ్చును.

ఇక ఆ పని జరుగు తీరు వినుడు. మొదట మనకు తోచు సందేహము: రెండోడలును ఆగి తీరికగా చమురు పోసికొనరాదా? రాదు. ఆగిన ఓడకు చుక్కాని పనిచేయదు. నీరు చుక్కానిని ఒరసికొని పాఱినపుడే ఓడ మాట వినును. ఆగిన ఓడను కెరటములు తమ యిష్టము వచ్చినట్లు త్రిప్పి ఊపును. మఱియు నీటిలోపల దాగియున్న శత్రువుల జలాంతర్గామికి ఆగిన ఓడ సులభమైన గుఱి. కావున నడచుచునే ఈ పని చేయవలెను.

తైలనౌక ఒక దిక్కు నిర్ణయించుకొని గంటకు 22 మొదలు 30 కిలోమీటర్ల లోపు వేగముతో తొణకక నడచును. చమురు గోరు ఓడ వెనుకనుండి కొంచెము హెచ్చు వేగముతో వచ్చి, ప్రక్కకు చేరి, వేగము తగ్గించి సమానముగా సాగును. నడుమ దూరము రమారమి 50 మీటర్లు. అనగా రెండు తాడిచెట్లను వరుసగా పఱచినంత. రెండు ఎడ్లబండ్లు సరిసమానముగా పరుగెత్తుచుండగా ఒక బండిలోని కడవనుండి రెండవ బండిలోని కడవకు నీరు వంచినట్లు భావింపుడు. ఇచ్చట బండి యొక్కొక్కటియు వేల టన్నుల బరువు; బాట కుదురుగా నుండక ఊగుచుండును.

వరదకాలువకు అడ్డముగా పెద్ద మోకు వేయవలెనన్న మనవారేమి చేయుదురు? మొదట ఒక యీతగాడు సన్నని త్రాటిని నడుమునకు గట్టుకొని ఆవలి గట్టు చేరును. ఓడలమీదను ఇదే యుపాయము. ఒక ఓడనుండి తుపాకితో సన్నని దారమును రెండవ ఓడమీదికి కాల్తురు. ఆ దారమునకు త్రాడు, త్రాటికి మోకు, మోకునకు ఉక్కుమోకు, ఇట్లు ఒకదాని వెంట నొకటి లాగుకొందురు. ఉక్కుమోకును రెండోడల నడుమ ఎత్తున బిగించి, దానిమీద జాఱు గిలకలకు రబ్బరు గొట్టమును వ్రేలాడదీసి ఆవలికి నడపుదురు. గొట్టపు మూతి గంట ఆకారము గల గరాటులో చొచ్చుకొని తానే బిగిసికొనును. అప్పుడు పంపు త్రిప్పగా గంటకు వందల టన్నుల చమురు ప్రవహించును.

ఓడలు ఒరగినపుడు మోకు తెగదా యందురేమో. గాలిపటము నెగురవేయు బాలుని చేతిని చూచియుందురు. గాలి లాగినపుడు దారము వదలును, సడలినపుడు చుట్టుకొనును. అట్టి పనియే చేయు యంత్ర మొకటి తైలనౌకమీద నుండును. ఓడలు దూరమైన మోకును వదలుచు, దగ్గఱయైన లాగుచు, బిగువు తప్పకుండ కాచుచుండును. ఇదిగాక వేఱొక త్రాడు ముక్కుల నడుమ గట్టుదురు. దానిమీద ఇరువది అడుగులకొక రంగు జెండా యుండును. దానిం జూచి చుక్కాని దగ్గఱి యధికారి దూరమును కనిపెట్టును. రాత్రివేళ జెండాలకు మాఱుగా దీపములు పెట్టుదురు.

ఇందలి పెద్ద గండము గాలిచేతను గాదు, తుపాను చేతను గాదు; ఆ రెండోడల నడుమ నున్న నీటిచేతనే. కాలువ యిఱుకైన తూము కడ నీరు వేగముగా పాఱుట మీరెఱుగుదురు. రెండు ఓడలు ప్రక్కప్రక్కన నడచునపుడు నడుమ నీరు ఇఱుకున బడి వేగము హెచ్చించుకొనును. వేగము హెచ్చినచోట ఒత్తిడి తగ్గును. బయటి ప్రక్కల ఒత్తిడి మాత్రము తగ్గదు. కావున ఓడలు ఒకదానివైపు ఒకటి ఈడ్వబడును. దీనిని ఇంటనే చూడవచ్చును. రెండు కాగితపు ముక్కలను ముఖమునకు ఎదురుగా, రెండంగుళముల యెడముతో వ్రేలాడదీసి నడుమ గట్టిగా ఊదుడు. అవి విడిపోవునని పిల్లలందురు. కాని దగ్గఱకు వచ్చి అంటుకొనును. 1911 సెప్టెంబరులో ఇంగ్లండు దక్షిణ తీరమున ఒలింపికు అను మహానౌక ప్రక్కన సాగుచున్న హాకు అను యుద్ధనౌక ఇట్లే ఈడ్వబడి దాని ప్రక్కను పొడిచినది.

ఇట్టి యాకర్షణ నెఱిగియే చుక్కాని పట్టువాడు గంటల తరబడి రెప్ప వాల్చక నిలువవలెను. ఒక డిగ్రీ తప్పిన సరిదిద్దవచ్చును. నాలుగు డిగ్రీలు తప్పిన ముప్పు. ఏదేని యంత్రము చెడెనా, శత్రువు కనబడెనా, వెంటనే గొట్టము నూడదీసి మోకులు వదలి విడిపోవలెను. అందుకై కొందఱు నావికులు త్రాళ్ళు త్రెంచు సాధనములు చేతబట్టుకొని మొదటినుండి తుదివఱకు నిలిచియుందురు.

తిండి సామగ్రి, మందుగుండు, ఉత్తరములు, అవసరమైన మనుష్యులు సైతము మోకుమీద నడచు కప్పీల సహాయమున దాటుదురు. హెలికాప్టరులు వచ్చిన పిమ్మట వలలో మూటగట్టిన సామగ్రిని క్రింద వ్రేలాడదీసి ఓడనుండి ఓడకు ఎగిరి చేరవేయుటయు గలదు. చమురు మాత్రము నేటికిని గొట్టము ద్వారానే పాఱవలెను. అణుశక్తితో నడచు మహానౌకలకు కూడ, వానిమీది విమానములకు చమురును, జనమునకు తిండియు తెచ్చు ఓడ తప్పదు.

ఈ విద్య కలిగినందున ఏమగునో, లోపించిన ఏమగునో రెండవ ప్రపంచయుద్ధము చూపినది. 1941 నవంబరులో బయలువెడలిన జపాను నౌకాదళము తైలనౌకలను వెంటబెట్టుకొని, దారిలో చమురు పోసికొనుచు, ఎవ్వరికిని కనబడక పసిఫికు ఉత్తర భాగమును దాటి పెరలుహార్బరుపై పడెను. ఆ తరువాత అమెరికా పసిఫికు నౌకాదళమునకు అధిపతిగా వచ్చినవాడు, మనము వెనుక జెప్పుకొన్న నిమిట్జే. తైలనౌకల వెలను అతనికంటె బాగుగ నెఱిగినవా రెవరు? 1942 మేలో కోరలు సముద్రమున జపాను వైమానికులు నియోషో అను తైలనౌకను విమానవాహక నౌక యని భ్రమించి కొట్టిరి. సేవకుని రాజని భ్రమపడి కొట్టినట్లయినది. ఆ సేవకుని ప్రాణములు మాత్రము నిజముగానే పోయినవి.

వీనికంటె నా మనస్సును కలచినది 1944 డిసెంబరు నాటి సంగతి. ఫిలిప్పీనులకు తూర్పున హాల్సీ సేనాని దళము యుద్ధముచేసి వచ్చి చమురు పోసికొనుటకు చేరినది. 17వ తేదీన సముద్రము పొంగుచుండెను. స్పెన్సు అను డిస్ట్రాయరు పెద్ద యుద్ధనౌక ప్రక్కన చేరి చమురు గొనబోగా గొట్టములు తెగినవి. ఇచ్చట ఒక ధర్మసంకటము గలదు. చమురు తొట్లు ఖాళీయైన ఓడ తేలికయై దొరలును. తొట్లలో సముద్రపు నీరు నింపిన బరువు కలిగి నిలుచును. కాని చమురు దొరకినపుడు ఆ నీటిని మొదట తోడిపోయవలెను. నేడో రేపో చమురు దొరకు నను ఆశతో నీరు నింపుటకు జాగు చేసిరి. 18న తుపాను మీద పడెను. స్పెన్సు, హల్లు, మోనాహను అను మూడు డిస్ట్రాయరులు తలక్రిందులై మునిగినవి. దళమున మొత్తము రమారమి 790 మంది చనిపోయిరి. శత్రువు ఒక్క గుండైన కాల్చలేదు. అటుపిమ్మట 1945 ఫిబ్రవరిలో నిమిట్జు తన యధికారుల కందఱకును లేఖ వ్రాసి, ఓడను కాపాడు భారము దాని యధిపతిదే యనియు, గండము దాటునని యాశపడి జాగు చేయరాదనియు బోధించెను. వర్షము వచ్చునని తెలిసియు కల్లములోని ధాన్యమును రేపు కప్పుకొందమను రైతునకు ఈ మాట వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక మన దేశపు మాట. దీపక్, శక్తి యను తైలనౌకలు 2011లో మన నౌకాదళమున చేరినవి. శక్తి ఆ యేడు అక్టోబరు 1న మన విశాఖపట్టణముననే ప్రవేశోత్సవము జరుపుకొన్నది. సరకుతో నిండినపుడు దాని బరువు 27,500 టన్నులు. అది యిటలీలో కట్టినది. అంతకుముందు 1996లో వచ్చిన జ్యోతి రష్యాలో కట్టినది. అట్లు పెద్ద తైలనౌకలకై పలుమాఱులు పరదేశములను ఆశ్రయించితిమి. 2023 ఆగస్టులో ఇట్టి పోషకనౌకల నైదింటిని, ఒక్కొక్కటి 44,000 టన్నుల వానిని, కట్టు భారము విశాఖలోని హిందూస్థాన్ షిప్‌యార్డున కప్పగింపబడినది. 2024 ఏప్రిలులో మొదటి ఓడకు ఉక్కు కోసిరి. 1948 మార్చిలో నెహ్రూగారు జల ఉష యను ఓడను నీటిలోనికి దింపినది ఆ యార్డునందే. మన తెలుగుబిడ్డలు చేతులార అతికిన ఉక్కుపలకలమీద ఈ యన్నదాతలైన ఓడలు లేచుట సంతోషింపదగినది.

రైతు సోదరుడు నన్నడిగిన ప్రశ్నకు నా ప్రత్యుత్తర మిది. మీ యూరి పిల్లలలో నెవడైన నౌకాదళమున జేరి, తాను పని చేయునది ఫిరంగులు లేని చమురోడ యని చిన్నపుచ్చుకొని వ్రాసినచో, ఆ మూడు డిస్ట్రాయరుల సంగతి వానికి చెప్పుడు. సెలవు.