తుపాకీ లైసెన్సుకు పాత కేసు అడ్డా?

పేకాటలో పట్టుబడి ఎప్పుడో జరిమానా కట్టినవారికి తుపాకీ లైసెన్సు ఇస్తారా? 1959 నాటి ఆయుధాల చట్టం అలాంటివారికి తలుపు మూసేయలేదు. హింస లేదా నైతిక పతనంతో కూడిన నేరానికి జైలుశిక్ష పడినవారినే సెక్షన్ 9 అడ్డుకుంటుంది. అదీ శిక్ష ముగిశాక అయిదేళ్ల వరకే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో చూడాల్సింది బైండోవర్. గుడుంబా కేసులోనో, ఎన్నికల ముందో తహసీల్దారు ఎదుట బాండు రాసిచ్చినవారు దాని గడువు తీరేదాకా అనర్హులే. చాలామందికి అది శిక్షలా అనిపించదు, ఏ కోర్టూ దోషి అనలేదు కదా! చట్టం మాత్రం రెండింటినీ ఒకే సెక్షన్‌లో పెట్టింది.

గడువు దాటినంత మాత్రాన లైసెన్సు చేతికి రాదు. పోలీసు నివేదిక కావాలి. జనగామ వరంగల్ కమిషనరేట్ పరిధిలోది, మిగతా రెండు జిల్లాలకు ఎస్పీలున్నారు. ప్రజాభద్రతకు ముప్పనుకుంటే సెక్షన్ 14 కింద దరఖాస్తును తిరస్కరించవచ్చు. కారణాలు మాత్రం రాతపూర్వకంగా నమోదు చేయాలి. దానిపై అప్పీలూ ఉంది.

దరఖాస్తులో పాత కేసును దాచడం అన్నిటికన్నా తెలివితక్కువ పని. చిన్న కేసు చెబితే పోయేదేమీ ఉండకపోవచ్చు. దాచినట్టు తేలితే వచ్చిన లైసెన్సునూ సెక్షన్ 17 కింద రద్దు చేయవచ్చు.

అడవిపందుల బెడద పేరుతో లైసెన్సులేని నాటు తుపాకీ ఉంచుకోవడం నేరం. నిజంగా పంట రక్షణకే అయితే, మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు అడిగే వీలు సెక్షన్ 13లోనే ఉంది.