పెద్ద తల చీమలు

తమ్ముళ్లూ, మా అమ్మ లెక్కలో చీమలు రెండే: కుట్టేవి, కుట్టనివి. జంతుశాస్త్రంలో మాత్రం ఫీడోల్ అనే ఒక్క ప్రజాతిలోనే వెయ్యికి పైగా జాతులున్నాయి.

వీటిలో పని చీమలు రెండు రకాలు. చిన్నవి పిల్లల్ని సాకుతాయి, మేత తెస్తాయి. పెద్దవాటికి ఒంటికి మించిన తల. కొన్ని జాతుల్లో దానితోనే గింజలు పగలగొడతాయి. చిక్కంతా ఇక్కడే. వేర్వేరు జాతుల చిన్న చీమలు ఒకేలా కనిపిస్తాయి. ఒకే జాతిలోని చిన్నదీ పెద్దదీ పక్కపక్కన పెడితే చుట్టాలని కూడా అనిపించవు! అందుకే రెంటినీ ఒకే పుట్ట నుంచి ఏరాలి. తల పొడవు వెడల్పులు, స్పర్శశృంగాల పొడవు, నడుము కణుపు ఆకారం, వీపు మీది ముళ్లు, తలపై గీతలు సూక్ష్మదర్శిని కింద చూసి రాయాలి.

2003లో ఇ.ఓ. విల్సన్ అమెరికా ఖండాల ఫీడోల్ చీమలపై పుస్తకం తెచ్చారు. మొత్తం 624 జాతులు, అందులో 337 కొత్తవి. నాకైతే ఆ అంకెలకన్నా ఆయన వేసిన బొమ్మలే గొప్ప. 'కొంచెం నునుపు' అని రాస్తే ఎవరికెంత అర్థమవుతుంది?

కొత్త జాతికి పేరు పెట్టినప్పుడు ఒక చీమను ఆధార నమూనాగా మ్యూజియంలో ఉంచుతారు. దాని సూదికి ఊరు, తేదీ, సేకరించినవారి పేరు రాసిన చీటీ ఉంటుంది. చీటీ పోతే చీమ ఉన్నా లేనట్టే. పేరుపై ఎప్పుడు తగువొచ్చినా, ఆ చీమనే మళ్లీ బయటికి తీస్తారు.