జేబులో చాకు... ఏది మేలు?

పార్సిల్ పెట్టె మీద టేపు తెంపాలన్నా, ఎరువు బస్తా కుట్టు విప్పాలన్నా... పళ్లతోనో, బండి తాళంచెవితోనో తంటాలు పడుతుంటాం. జేబులో చిన్న మడతచాకు ఉంటే క్షణంలో పని. మరి ఎలాంటిది కొనాలి?

అనకాపల్లి జిల్లా మాకవరపాలెం చుట్టుపక్కల చెరకు, జీడిమామిడి పండిస్తారు. చెరకు నరకడానికి కత్తి కావాల్సిందే. జేబుచాకుతో అయ్యే పని కాదది. దీని పనులు వేరు... గోనెసంచి పురికొస, నీళ్ల పైపు, కరెంటు వైరు తొడుగు, ఆకలేస్తే ఓ మామిడికాయ. వీటన్నిటికీ మూడంగుళాల లోపు బ్లేడు చాలు.

ఒకే చాకులో నాలుగు పనిముట్లు ఇమిడ్చి పేరు తెచ్చుకుంది స్విస్ చాకు. కార్ల్ ఎల్సెనర్ 1891లో తమ దేశ సైనికులకు చాకులు అందించారు. తుపాకీ విప్పడానికి స్క్రూడ్రైవరు, డబ్బా మూత కోయడానికి ఓపెనరు అందులోనే! 1897లో వచ్చిన అధికారుల చాకుకి సీసా బిరడా తీసే మెలికల మేకు కూడా తోడైంది. మనకి బిరడాల గొడవ లేదుగానీ, బిగిసిన తాడు ముడి విప్పడానికి అది భలే పనికొస్తుంది.

పట్టకారు కూడా ఉంటే? అమెరికన్ టిమ్ లెదర్‌మన్‌కి అదే అనిపించింది. 1975లో పాత కారులో యూరప్ తిరుగుతుంటే దాని మరమ్మతులకు జేబులోని చాకు చాల్లేదు. అలా పుట్టిన మల్టీటూల్ 1983లో అమ్మకానికొచ్చింది. మోటారు, బండి రిపేర్లు సొంతంగా చేసుకునేవారికి ఇదే మేలు. కాకపోతే బరువు. లుంగీ మడతలో నిలవదు!

పనిముట్ల సంఖ్య చూసి మోసపోకండి. ఓసారి ఎగ్జిబిషన్‌లో పదిహేను పనిముట్ల చాకు చవగ్గా వస్తే ఎగబడి కొన్నాను. కొబ్బరిచిప్పలో గుచ్చి తిప్పగానే బ్లేడు వేళ్ల మీదకి మడతపడింది. మూడు కుట్లు. స్ప్రింగు బిగువు ఒక్కదాని మీదే నిలబడే చాకులతో వచ్చే చిక్కే ఇది. పొడవడానికీ, తిప్పడానికీ అవి పనికిరావు. అందుకే తెరిచాక లాకు పడే రకం అడగండి. ఫ్రాన్స్‌కి చెందిన ఒపినెల్ చాకుకి మెడ దగ్గర తిప్పే కడియమే లాకు. కొనేముందు బ్లేడుని పక్కలకి కదిపి చూడండి. ఊగితే వదిలేయండి.

ఉక్కు సంగతీ ముఖ్యమే. కార్బన్ ఉక్కు సులువుగా పదునెక్కుతుంది. అయితే పచ్చిమామిడి కోసి తుడవకపోతే నల్లబడుతుంది, తడి ఉంటే తుప్పు పడుతుంది. చెమటకి తడిసే జేబులో పెట్టుకునేవారికి స్టెయిన్‌లెస్సే నయం. ఏ ఉక్కయినా, జీడిగింజ కోసిన చాకుతో అలాగే పండు కోయొద్దు. జీడిపెంకు నూనె తగిలితే నోరూ చర్మమూ పొక్కుతాయి. ముందు సబ్బుతో కడగాలి.

మీట నొక్కితే ఎగిరి తెరుచుకునే చాకుల జోలికి మాత్రం పోకండి. విమానం ఎక్కేటప్పుడు ఏ చాకైనా చేతిసంచిలో ఉండకూడదు, లోపలికి పంపే సామానులోనే పెట్టాలి.

నెలకోసారి మడత దగ్గర దుమ్ము దులిపి కుట్టుమిషను నూనె ఒక చుక్క వేస్తే చాలు. కొబ్బరినూనె వద్దు... చలికాలంలో గడ్డకడుతుంది.