నకలు రాశావు సరే, సరిచూశావా?

తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు వెళ్లేవారికి జిరాక్సు దుకాణాలు కొత్త కాదు. పరీక్షల రోజులు వచ్చాయంటే ఒకరు రాసుకున్న నోట్సు వందమంది సంచుల్లోకి చేరుతుంది. అక్కడే ఎమ్మే చదువుతున్న ఒక అబ్బాయి సాయంత్రాలు మా దగ్గర అరబీ నేర్చుకుంటున్నాడు. మొన్నొకరోజు ధార్మిక విద్యల గురించి చెబుతూ, బుద్ధితో తర్కించి తేల్చుకునేవి అఖ్లీ విద్యలనీ, ఖుర్ఆన్, హదీసుల్లా ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చినవి నఖ్లీ విద్యలనీ అన్నాము. అబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయాడు. "నకిలీ విద్యలా హజ్రత్?" అన్నాడు.

కోపం వచ్చిన మాట నిజమే. కానీ తప్పు వాడిది కాదు. నకిలీ విత్తనాలు, నకిలీ నోట్లు, నకిలీ మందులు... వాడు పుట్టినప్పటి నుంచి ఆ మాటను వింటున్నది ఇలాగే.

అరబీలో 'నఖ్ల్' అంటే ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడం. సామాను మోసుకెళ్లడమూ నఖ్లే, మాట మోసుకెళ్లడమూ నఖ్లే. 'అసల్' అంటే వేరు, మూలం. ఈ రెండూ ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి అసలు, నకలు అయ్యాయి. పాత పహాణీ నకలు కావాలని దరఖాస్తు పెట్టుకుంటే ఎవరూ దాన్ని మోసం అనుకోరు. (పైగా 'నకలు కాపీ' అని ఒకే సంగతిని రెండు భాషల్లో చెప్పి మరీ అడుగుతాం!) అదే మాటకు చివర దీర్ఘం తగిలి నకిలీ అయ్యేసరికి దొంగసరుకు అయిపోయింది. 'డూప్లికేట్' గతి కూడా అంతే. మార్కుల మెమో పోగొట్టుకున్నవాడికి విశ్వవిద్యాలయం ఇచ్చే డూప్లికేట్ నిఖార్సయినది. బజారులో డూప్లికేట్ సామాను అంటే దగా.

పరీక్ష హాలులో ఉర్దూవారు 'నఖల్ మార్‌నా' అంటారు, తెలుగువారు 'కాపీ కొట్టడం' అంటారు. రెండు భాషల్లోనూ కొట్టడమే! అక్కడ తప్పు రాసుకోవడంలో లేదు. ఎవరిదో చెప్పకుండా కింద తన పేరు పెట్టుకోవడంలో ఉంది. హదీసు చెప్పేవాడు ముందు తాను ఎవరి దగ్గర విన్నాడో, ఆయన ఎవరి దగ్గర విన్నారో పేర్లన్నీ చెప్పి ఆ తర్వాతే మాట చెబుతాడు. నఖ్లీకీ నకిలీకీ మధ్య ఉన్న తేడా ఇదేనని అబ్బాయికి చెప్పాము.

ఇంకో తేడా కూడా ఉంది. 'మక్కికి మక్కి' అంటుంటాము. మక్కీ అంటే ఈగ. ఒక రాతగాడు పుస్తకానికి నకలు రాస్తుంటే మూలంలో ఒకచోట ఈగ అతుక్కుని చచ్చి ఉందట. ఈయన ఇంకో ఈగను చంపి తన ప్రతిలో సరిగ్గా అదే చోట అతికించాడట. కళ్లున్నాయి, చెయ్యి ఉంది, ఆలోచన మాత్రం లేదు. అందుకే మన పెద్దలు రాతతో ఆగకుండా 'ముఖాబలా' పెట్టారు. ఈ రోజుల్లో ఆ మాటకు పోటీ అనే అర్థమే తెలుసు గానీ, రాతగాళ్ల భాషలో మూలాన్నీ నకలునూ ఎదురెదురుగా పెట్టి అక్షరం అక్షరం సరిచూడటం ముఖాబలా. ఉర్వా బిన్ జుబైర్ (రహ్మలై) తన కుమారుడు హిషామ్‌ను రాశావా అని అడిగారట. రాశానన్నారు. సరిచూశావా అంటే లేదన్నారు. అయితే నువ్వు రాయనట్టేనని తండ్రి తేల్చేశారు.

ప్రతి రమజాన్‌లో జిబ్రీల్ (అలై) దైవప్రవక్త (సఅసం)తో కలిసి ఖుర్ఆన్‌ను సరిచూసేవారు. ఆఖరి సంవత్సరం రెండుసార్లు సరిచూశారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో జైద్ బిన్ సాబిత్ (రజి) మొదలైనవారు హజ్రత్ హఫ్సా (రజి) దగ్గరున్న ప్రతిని తెప్పించి, దాని నుంచి నకళ్లు రాసి పట్టణాలకు పంపారు. ఆ నకళ్లను ఎవరైనా నకిలీ అనగలరా?

మా అబ్బాయి రోజూ తిరిగే క్యాంపస్‌లోనే దాయిరతుల్ మఆరిఫ్ ఉంది. 1888లో స్థాపించిన సంస్థ. అరబీ రాతప్రతులను సంపాదించి, ఒకదానితో ఒకటి పోల్చి, తేడాలను అడుగున గుర్తించి అచ్చువేయడం దాని పని. అల్ బిరూనీ ఖగోళ గ్రంథం 'అల్ ఖానూన్ అల్ మసూదీ'ని 1954–56లో మూడు సంపుటాలుగా వెలువరించింది. ఆ కాలపు ఖగోళ పట్టికల్లో అంకెలను అక్షరాలతో రాసేవారు. 'జీమ్' అంటే 3, 'హా' అంటే 8. రెండింటికీ తేడా కింద ఒక్క చుక్క. ఆ చుక్క రాలిపోతే గ్రహం స్థానమే మారిపోతుంది!

ఈ చుక్క విలువ మాకు పుస్తకాల్లో తెలియలేదు. కొన్నేళ్ల క్రితం రమజాన్‌కు ముందు దుఆల కాగితం ఒకటి చేత్తో రాసి, ఒక దుకాణంలో రెండు వందల జిరాక్సులు తీయించాము. మా రాత సరిగ్గానే ఉంది. యంత్రం అద్దం మీద నలక ఉన్నట్టుంది, ప్రతి కాగితం మీదా ఒకేచోట నల్లచుక్క పడింది. అది 'రహీం'లోని 'హా' కింద పడింది. 'హా' కాస్తా 'జీమ్' అయింది. రహీం అంటే కరుణామయుడు. రజీమ్ అంటే శాపగ్రస్తుడు, షైతాన్‌కు వాడే మాట. పంచేశాక హిఫ్జ్ చదివే పదేళ్ల కుర్రాడు చూపించాడు. మాకు కాళ్లు వణికాయి. మూలం మా చేతిలోనే ఉంది, ఒక్క కాగితమైనా పక్కన పెట్టి చూడలేదు. ఇంటింటికీ తిరిగి వెనక్కి తీసుకున్నాము. అల్లాహ్ నామం ఉన్న కాగితాలను చెత్తలో వేయలేము గనుక శుభ్రమైన చోట పాతిపెట్టాము. పదకొండు మాత్రం దొరకలేదు. వాటిలో ఒకదాన్ని ఎవరో జిరాక్సు తీయించి బంధువులకు పంచారని తర్వాత తెలిసింది.

ఇప్పుడు జిరాక్సు దాకా పోనక్కర్లేదు. వాట్సాప్‌లో వేలు తాకిస్తే చాలు. దాన్ని ఫార్వర్డ్ అంటున్నారు, అంటే ముందుకు చేర్చడం. మళ్లీ మన నఖ్లే! ఎవరు చెప్పారో ఉండదు, ఏ గ్రంథంలోనిదో ఉండదు, హదీసు అని మాత్రం ఉంటుంది. మా ఇంట్లోవాళ్లకూ వస్తుంటాయి. ఎక్కడిదని అడిగితే గ్రూపులో వచ్చిందంటారు.

అబ్బాయి వచ్చే వారం దాయిరాకు తీసుకెళ్లమన్నాడు. వెళ్తాము. ఏ మసీదుకు వెళ్లినా గోడకు అతికించిన దుఆ కాగితం కనబడితే మా కన్ను ఇప్పటికీ ముందు 'హా' కిందకే పోతుంది.