మజూరీ పుస్తకమునకెక్కని దినములు

చేనేతవారి ప్రసంగము వచ్చినపుడు మన పెద్దలలో రెండు తెగలవారు కనబడుదురు. ఒకరు ఆ పనితనమును మెచ్చుకొని, అంతటితో ఊరకుందురు. రెండవవారు, "ఇంటిల్లిపాది పనిచేయుదురు, నీడపట్టున కూర్చుందురు, అయినను అప్పులే, దుబారా మనుష్యులు" అందురు. నేడు నేను ఈ రెండవ మాటను గూర్చి విచారింపదలచితిని. ముప్పది సంవత్సరములకు పైగా నేతవారు నివసించు గ్రామమున ఉపాధ్యాయుడనై యుంటిని. అంకెలు తెలిసిన పొరుగువాడనగుటచే, సాయంకాలములందు వారి మజూరీ పుస్తకములలోని కూడికలు, తీసివేతలు సరిచూచు పని నా పాలబడుచుండెను. ఆ పుస్తకములలో వ్రాసినదానికంటె వ్రాయనిది ఎక్కువయని నాకప్పుడు బోధపడినది.

మొదట పని నడచు విధమును చెప్పెదను. నేతగాడు సాధారణముగా తన సొమ్ముతో నూలు కొనడు, కొనలేడు. షావుకారు నూలిచ్చును, వీరు నేసి చీరలు అప్పగింతురు, చీరకింత అని మజూరీ ముట్టును. నూలు చిలపలుగా వచ్చును. పత్తినూలు చిలప ఒక్కొక్కటి 840 గజములు. ఎనుబదవ నంబరు నూలు అనగా పౌను బరువునకు ఎనుబది చిలపలు తూగునది అని అర్థము. కాబట్టి నంబరు పెరిగిన కొలది నూలు సన్నబడును, చుట్టవలసిన పొడవు పెరుగును. ఈ చుట్టుపని యంతయు స్త్రీలది, ముసలివారిది. చిలపను ఆకుపై వేసి, రాట్నముతో కండెలకు చుట్టి యిచ్చిననే నాడె ఆడును. పడుగును తెల్లవారుజామున వీథిలో చాచి గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టవలెను. పిమ్మట అచ్చు అతుకుట. పాతపడుగు కొసలకు క్రొత్తపడుగు పోగులను ఒక్కొక్కటే అతుకుదురు. చీర నేతలో అవి వేల లెక్కన ఉండును. ఇదంతయు ముగిసిన తరువాత గాని మగ్గముపై మొదటి జానెడు గుడ్డ కనబడదు.

మజూరీ ఆ గుడ్డకే. ముందు జరిగిన పనికి వేరుగ కూలి లేదు.

అమరకోశమున నేతవానికి తంతువాయుడనియు, కువిందుడనియు పేళ్లున్నవి. మగ్గమునకు, పోగునకు, నేతకు గూడ అచ్చటనే పదములున్నవి. కండె చుట్టు ఇల్లాలికి మాత్రము ఆ చోట నాకొక పేరు కనబడలేదు. కోశకారుని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. మజూరీ పుస్తకమును నాటి పద్ధతినే నేటికిని నడుచుచున్నది.

ఇక ఒక లెక్క వేసికొందము. ఇది ఏ యింటి లెక్కయు కాదు, విషయము తేటపడుటకు నేను కల్పించుకొన్న ఉదాహరణము. ఒక పడుగునకు ఎనిమిది చీరలనుకొందము. చీరకు మజూరీ 600 రూపాయలు. మొత్తము 4,800. చీర ఒక్కటికి దినమున్నర పట్టినచో నేతకు పండ్రెండు దినములు. నెలకు రెండున్నర పడుగులు దింపవచ్చును, పండ్రెండు వేలు వచ్చునని చూచువారు లెక్కకట్టుదురు. కాని గంజికి, అతుకునకు మూడు దినములు చేర్చుడు. దింపిన చీరలు అప్పగించి, మరల నూలు చేతికి వచ్చువరకు మరి మూడు దినములు. అప్పుడు పండ్రెండు దినములు పదునెనిమిది యగును. 4,800 ను పదునెనిమిదిచే భాగింపగా దినమునకు సుమారు 267 రూపాయలు. అదియు ఒకరి కూలి కాదు, భార్యాభర్తలిద్దరి పని. తలకు 134 కంటె తక్కువ. రాట్నము దగ్గర కూర్చున్న ముసలితల్లిని నేనింకను లెక్కింపలేదు. దీనితో పోల్చుటకు ఒక సంఖ్య చెప్పెదను: 2024-25 సంవత్సరమున ఉపాధి హామీ మట్టిపనికి మన రెండు తెలుగు రాష్ట్రములలోను ఒక్క మనిషికి నిర్ణయించిన రోజుకూలి 300 రూపాయలు.

నా ఉదాహరణము మరీ బీదదని తోచునేమో. 2019-20 లో జరిగిన నాలుగవ అఖిలభారత చేనేత గణనలో ఈ పనివారు దేశమున 35 లక్షలకు పైగా తేలిరి. వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలు. చేనేత కుటుంబములలో ఇంచుమించు మూడింట రెండువంతులవారి నెలసరి ఆదాయము అయిదువేల రూపాయల లోపే.

వానకాలము వేరు ప్రకరణము. మనవైపు గుంటమగ్గమే ఎక్కువ. నేలలో గుంట త్రవ్వి అందులో కాళ్లుంచి తొక్కుదురు. ముసురు పట్టినచో గుంటలో నీరూరును, వీథిలో గంజి ఆరదు, చెమ్మకు పోగులు బిగిసి తెగును. నీరు తోడి, గుంట ఆరువరకు మజూరీ లేదు, కడుపు మాత్రము ఊరుకొనదు. ఆ దినములలోనే పచారీకొట్టు పద్దు పెరుగును. దుబారా యని మనము పేరుపెట్టునది చాలవరకు ఈ పద్దే. నే చూచిన పుస్తకములలో శ్రావణ భాద్రపదముల తీసివేతలు సంక్రాంతివరకు తీరెడివి కావు.

షావుకారును దుష్టునిగా చిత్రించుట సులభము. నేనట్లు చేయను. అమ్మకము లేని కాలమున సరకు నిలువ చేసికొని నష్టమునకోర్చువాడును అతడే. కూతురి పెండ్లికి, కాన్పునకు అర్ధరాత్రి తలుపు తట్టిన బయానా యిచ్చువాడును అతడే. చిక్కు ఆ బయానాలోనే యున్నది. అది తీరువరకు నేతగాడు మరియొకరి నూలు ముట్టరాదు. ముట్టరానివానికి మజూరీ బేరమాడు నోరుండదు. బయానాకు వడ్డీ వ్రాయలేదని షావుకారు చెప్పుట నిజమే. ఆ వడ్డీ మజూరీ తరుగులో కలిసిపోవుచున్నది.

ఈ ముడి విప్పుటకే సహకార సంఘములు పుట్టినవి. మద్రాసు రాజధానిలో 1935 లోనే రాష్ట్రస్థాయి చేనేత సహకార సంఘము ఏర్పడినది. నిడుబ్రోలువాసి ప్రగడ కోటయ్యగారు తన జీవితమంతయు నేతవారి సంఘములకే ధారపోసిరి. సంఘము సక్రమముగ నడచినచోట నూలు ధర, మజూరీ రెండును బాగుపడినవి. అయితే సంఘము నేయించిన గుడ్డను పెద్ద సంస్థలు కొని, నెలల తరబడి బాకీ నిలిపినపుడు, సంఘము సభ్యునికి శనివారము ఇయ్యవలసిన డబ్బు ఇయ్యలేకపోయినది. నేతగానికి శనివారము బియ్యము కావలెను. అందుచే అతడు సభ్యత్వమును పెట్టెలో దాచుకొని మరల షావుకారు గడప యెక్కును. దీనిని ద్రోహమని సంఘపు పెద్దలు కొందరు నాతో అనిరి. ఆకలిగొన్నవానికి వాయిదా వేయలేని సంఘముదే కొరత యని నా అభిప్రాయము.

నూలు సంగతి మరియొకటి. మరమగ్గమునకు నూలు శంకువుల రూపమున కావలెను. చేతిమగ్గమునకు చిలపలే కావలెను, రంగులద్దుటకును అవియే అనువు. చిలపలు చుట్టుట మిల్లునకు లాభకరము కాదు. కావున తమ నూలులో కొంతభాగము చిలపలుగానే తీయవలెనని ప్రభుత్వము మిల్లులను నిర్బంధించినది. ఆ భాగము మునుపు నూటికి ఏబది; 2003 లో నలుబదికి, 2019 లో ముప్పదికి తగ్గించిరి. చేతిమగ్గమునకే కేటాయింపవలెనని 1985 నాటి చట్టము క్రింద ఏర్పరచిన గుడ్డల రకములును మొదట 22, తరువాత 11. నూలు ధర పెరిగినపుడు మజూరీ పెరుగదు సరికదా, షావుకారు పడుగులను తగ్గించును. 1991 లో అట్లు జరిగినపుడు మన కోస్తా జిల్లాలనుండి నేతవారి ఆకలిచావుల వార్తలు వచ్చుట మీలో పెద్దలైనవారికి జ్ఞాపకముండును.

ఆడువారి పనిని గుర్తించిన ఒక్క సంగతి చెప్పుట ధర్మము. పోచంపల్లి తరహా చీరకు రంగు కట్టుటకు ముందు "ఆసు" పోయవలెను. ఒక్క చీరకు చేయి వేలమారులు మేకులచుట్టు తిరుగును. పోయు స్త్రీ భుజము పడిపోవును. తల్లి బాధ చూడలేక చింతకింది మల్లేశముగారు 1999 లో ఆసు పోయు యంత్రమును తయారుచేసి, దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసుయంత్రమనిరి. 2017 లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. గంటల పని సగమునకు మించి తగ్గినది. అచ్చటగూడ ఆసునకు వేరుగ కూలి కట్టక చీర మజూరీలోనే కలుపు ఇండ్లున్నవి.

ఇంత కష్టమైనచో మట్టిపనికి పోరాదా యని అడుగుదురు. పోయినవారు పోయిరి. పార పట్టి గరుకెక్కిన వ్రేళ్లకు మరల సన్నపోగు చిక్కదు; కాబట్టి ఆ త్రోవ ఒకసారి పట్టినవాడు తిరిగి వచ్చుట అరుదు. బయానా ఉన్నవాడు పోలేడు. ఇంట పసిపిల్లలున్న స్త్రీకి రాట్నమే అనువు.

నా శిష్యులలో నేతవారి పిల్లలు అతుకుపని దినములలో బడికి వచ్చెడివారు కారు. హాజరుపట్టీలో ఆ దినములన్నిటికిని సున్నలే. ఇప్పుడా యిండ్లలో కొన్నింట గుంటలు పూడ్చి పైన సిమెంటు పోసిరి. ఆడపిల్లలిద్దరు ముగ్గురు పట్టణములో బట్టల దుకాణమున చేరి, ప్రొద్దుటినుండి రాత్రివరకు నిలువుకాళ్లపై నిలిచి, కొనువారు విప్పివేసిన చీరలు మడత పెట్టుచున్నారు. ఏమమ్మా, ఇది నేతకంటె సుఖమా యని అడిగితిని. కాళ్లు వాచుచున్నవి మాస్టారూ, కాని ఇక్కడ వాన పడినను జీతము ఆగదు, అని వారిలో పెద్దపిల్ల చెప్పినది.